నాలుగో కంప్యూటర్‌లో ఎవరు?

"సార్! నిన్న డెబ్బై మూడు మంది చూసినారు మన వెబ్‌సైట్!"

జ్యోతిలక్ష్మి కేకకు కంప్యూటర్ గదిలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. మధ్యాహ్న భోజనం అయ్యీ కాకముందే ఆమె పరుగెత్తుకొచ్చి రెండో కంప్యూటర్ ముందు కూర్చుంది. చేతులు కడుక్కుంది గానీ తుడుచుకోలేదు. కీబోర్డు మీద నీటి చుక్కలు పడ్డాయి.

"ముందు చేతులు తుడుచుకో తల్లీ. ఆ డెబ్బై మూడు మంది యాడికీ పోరు" అన్నారు కుళ్ళాయప్ప సార్.

ఫోన్లంటే మాట్లాడుకోవడానికి మాత్రమే ఉన్న రోజులు అవి. ధర్మవరంలో నేతగాళ్ళ వీధుల పక్కనున్న ఆ హైస్కూలుకు ఆరు కంప్యూటర్లు, ఇంటర్నెట్ వచ్చి ఏడాది అయింది. లెక్కలు చెప్పే కుళ్ళాయప్ప సారే కంప్యూటర్లు కూడా నేర్పేవారు. ఆయన ఏడో తరగతి పిల్లలతో బడికి ఒక వెబ్‌సైట్ చేయించారు.

అందులో పొడుపుకథల పేజీ ఒకటి ఉంది. వానల పేజీ ఒకటి ఉంది. రోజూ ఎంత వాన పడిందో అందులో పెట్టాలి. ఆ ఏడు బడి తెరిచినప్పటి నుంచీ అందులో "ఈ రోజు వాన: సున్నా" అనే ఉంది. అయినా జ్యోతిలక్ష్మి రోజూ నిన్నటి సున్నా తీసేసి, కొత్త సున్నా పెట్టేది.

పక్కనున్న ప్రైమరీ స్కూలు పిల్లల కోసం అక్షరాల పేజీ కూడా చేశారు. అ ఆ లు, గుణింతాలు అన్నీ పిల్లలే మౌస్‌తో గీసి పెట్టారు. మౌస్ చెప్పిన మాట వినదు కదా. అందుకే కొన్ని అక్షరాలు జెర్రి పాకినట్టు ఉన్నాయి.

వెబ్‌సైట్ టీముకు జ్యోతిలక్ష్మే లీడరు. ఎంతమంది చూశారో చెప్పే కౌంటర్‌కు ఒక పాస్‌వర్డ్ ఉంది. అది సార్‌కు, ఆమెకు మాత్రమే తెలుసు.

కౌంటర్ ఎలా పనిచేస్తుందో సార్ మొదటి రోజే క్లాసులో చెప్పారు.

"ఎవరన్నా మన పేజీ తెరిచినారనుకోండి. ఆ కంప్యూటర్లోకి ఒక చిన్న చీటీ పోయి కూర్చుంటాది. దాని మీద ఒక నంబరు ఉంటాది. రేపు అదే కంప్యూటర్ మళ్ళా వస్తే, ఆ నంబరు చూసి 'ఓహో, ఇది నిన్న వచ్చినదే' అని కౌంటర్ గుర్తు పడతాది. ఆ చీటీ పేరు కుకీ."

"కుకీ అంటే బిస్కెట్టు గదా సార్? మాకూ తలా ఒకటి ఇప్పియ్యండి!" అన్నాడు వెనక బెంచీ నుంచి మారుతి.

క్లాసంతా నవ్వింది. మారుతి అంతే. ఎక్కడుంటే అక్కడ నవ్వులు. జూన్‌లోనే మడకశిర అవతలి నుంచి వచ్చి చేరాడు. వచ్చిన వారానికే కబడ్డీ జట్టులో అందరికంటే ముందు వాడి పేరే పిలవసాగారు.

ఇక జ్యోతిలక్ష్మికి ఆ కౌంటర్ అంటే పిచ్చి పట్టింది. అందులో ఎంతమంది అనే అంకె ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉండేవి. ఏ నంబరు, ఏ దేశం నుంచి, ఏ పేజీకి, ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు ఉంది, అన్నీ వరసగా రాసి ఉండేవి. కువైట్ నుంచి ఎవరో రోజూ పొద్దున్నే వచ్చి వానల పేజీ మాత్రమే చూసి పోతున్నారు. ఎవరై ఉంటారు? అది తలుచుకుంటే చాలు, ఆమెకు లెక్కల క్లాసులో కూడా చెవులు వినిపించేవి కావు.

కువైట్ మనిషి కంటే పెద్ద వింత ఒకటి ఉంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు పది నిమిషాల ముందు ఎవరో అక్షరాల పేజీ తెరుస్తున్నారు. ఇరవై ఐదు నిమిషాలు అక్కడే ఉంటున్నారు. నంబరు యాభై ఎనిమిది. ప్రైమరీ స్కూల్లో కంప్యూటరే లేదు. మరి ఇదెవరు?

ఆ రోజు డెబ్బై మూడు మంది సంబరం అయ్యాక, జ్యోతిలక్ష్మి ఆ సంగతి తేల్చాలని కూర్చుంది. గది ఖాళీ అయ్యేదాకా ఆగింది. ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరికి పోయి వెబ్‌సైట్ తెరిచింది. వెనక్కి వచ్చి కౌంటర్‌లో ఏ నంబరు పడిందో చూసింది. మొదటిది ఇరవై ఏడు. తనది ముప్పై ఒకటి. మూడోది నలభై. నాలుగోది...

యాభై ఎనిమిది!

ఇక మిగిలింది రిజిస్టరు. కంప్యూటర్ వాడిన ప్రతి ఒక్కరూ గుమ్మం పక్క బల్ల మీదున్న రిజిస్టరులో పేరు, కంప్యూటర్ నంబరు, టైము రాయాలి. జ్యోతిలక్ష్మి వేలితో గీత వెంట చూసుకుంటూ పోయింది. నాలుగో కంప్యూటర్, పన్నెండూ యాభై. అంతకు ముందు రోజూ అదే. ఆ ముందు రోజూ అదే. పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

మారుతి.

అప్పుడు ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. తెలుగు క్లాసులో పాఠం చదివే వంతు రాగానే మారుతికి దగ్గు వస్తుంది. లేకపోతే దాహం వేస్తుంది. ఒకసారైతే "నా గొంతు వింటే అందరూ నిద్రపోతారు మేడమ్, పక్కోడు చదువుతాడులే" అని నవ్వించి తప్పించుకున్నాడు.

"మారుతికి తెలుగు చదివేకి రాదు!" అనుకుంది జ్యోతిలక్ష్మి. పెద్ద దొంగను పట్టుకున్న పోలీసు కూడా అంత సంతోషపడి ఉండడు.

బయటికి పోగానే తన స్నేహితురాలు పద్మప్రియ చెయ్యి పట్టుకుని లాగింది.

"మే, నీకొకటి చెప్తా. ఎవరికీ చెప్పొద్దు."

"చెప్పను లేమ్మే, చెప్పు చెప్పు."

పద్మప్రియ కూడా ఇంకొకరికి "ఎవరికీ చెప్పొద్దు" అనే చెప్పింది. వాళ్ళూ అలాగే చెప్పారు.

సాయంత్రం ఆటల పీరియడ్‌లో మారుతి కూతకు వెళ్ళబోతూ గీత దగ్గర నిలబడ్డాడు. అవతలి జట్టులోంచి ఎవరో "అ అంటే అమ్మ" అన్నారు. ఇంకొకరు "ఆ అంటే ఆవు" అందుకున్నారు. మొదట మారుతికి అర్థం కాలేదు. అందరితో పాటు వాడూ నవ్వాడు.

"రోజూ ఇరవై ఐదు నిమిషాలంటనే! చిన్న పిలకాయల పేజీ! జ్యోతి కంప్యూటర్లో అంతా చూసినాదంట!"

మారుతి నవ్వు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. గట్టు మీద కూర్చున్న జ్యోతిలక్ష్మి వైపు చూశాడు. తిడతాడేమో అనుకుంది ఆమె. వాడు తిట్టలేదు. కూత కూడా పెట్టలేదు. సంచి తీసుకుని గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి నాయన నాగన్న మగ్గం మీద ఉన్నాడు. పట్టుచీర కొంగు నేస్తున్నాడు. జ్యోతిలక్ష్మి సంచి దించి, తాను ఎలా కనిపెట్టిందో గబగబా చెప్పింది. నంబర్లు, రిజిస్టరు, దగ్గు, దాహం అన్నీ చెప్పింది. నాయన మెచ్చుకుంటాడని చూసింది.

"భలే పట్టుకున్నావే. మల్ల ఆ పిల్లోడు ఏమన్నాడు?" అడిగాడు నాగన్న.

"ఏమీ అనలే. ఇంటికి పోయినాడు."

నాగన్న ఇంకేదో అడగబోయాడు. అంతలో ఎదురింటి మారెక్క చేటతో బియ్యం ఏరుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆమె కళ్ళు బియ్యం మీద లేవు. మగ్గం మీదే ఉన్నాయి.

"ఏమప్పా నాగన్నా, పెండ్లి చీర మాదిరి ఉండాదే. కొంగులో పేర్లు గూడా నేస్తాండావు. ఎవురిదప్పా?"

నాగన్న పక్కనున్న తెల్లగుడ్డ తీసి కొంగు మీద కప్పాడు.

"పెండ్లి చీరే అక్కా."

"అదే, ఎవురిదని? పిల్ల పేరు ఏముండాది?"

"ఆళ్ళు ఇంగా బయటికి చెప్పుకోలే."

"నీకు తెలుసు గదా! నాకు చెప్తే ఏం పోతాది? నేనెవురికి చెప్తా?"

నాగన్న నవ్వాడు. "నాకు పేర్లు చెప్పింది నేసేకి అక్కా. ఈదిలో చెప్పేకి కాదు. ఆళ్ళు చెప్పిన రోజు నువ్వే ముందు ఇంటావులే."

మారెక్క మూతి తిప్పుకుని, బియ్యం ఏరుకుంటూ వెళ్ళిపోయింది. మగ్గం మళ్ళీ చప్పుడు మొదలుపెట్టింది. ఆ పూట జ్యోతిలక్ష్మి సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేచింది.

మర్నాడు మారుతి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కబడ్డీ ఆడేవాళ్ళు ఒక జట్టులో ఒకడు తక్కువై రోజూ గొడవ పడుతున్నారు.

గురువారం పద్మప్రియ మెల్లగా దగ్గరికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"మే, మారుతి టీసీ తీసుకుంటాడంట. వాళ్ళవ్వ కాడికి, వాళ్ళ పాత ఊరికే పోతాడంట. నేను చెప్పకుండా ఉంటే బాగుండు."

"నేను నీకు చెప్పకుండా ఉంటే బాగుండు" అంది జ్యోతిలక్ష్మి.

ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. ఆమె కౌంటర్ తెరిచింది. అక్షరాల పేజీకి ఎదురుగా సున్నా ఉంది. వానల పేజీలో సున్నా చూడటం అలవాటే. ఈ సున్నాను మాత్రం చూడలేకపోయింది. మారుతి మొదట ఎప్పుడు వచ్చాడో చూద్దామని పాత రోజుల్లోకి వెనక్కి పోయింది. పోతూ పోతూ ఒక చోట ఆగిపోయింది.

ముప్పై ఒకటి. పొడుపుకథల జవాబుల పేజీ. ముప్పై ఒకటి. జవాబుల పేజీ. ముప్పై ఒకటి. మళ్ళీ జవాబుల పేజీ. ఒకే రోజు పదకొండు సార్లు.

ముప్పై ఒకటి రెండో కంప్యూటర్. అంటే తనే.

తాను అలా చూసిన మర్నాడే బడిలో పొడుపుకథల పోటీ జరిగింది. జవాబుల పేజీ అప్పటికింకా అందరికీ తెరవలేదు. లీడరు కాబట్టి జ్యోతిలక్ష్మికి మాత్రం అది తెరుచుకుంటుంది. పోటీలో ఆమెకే మొదటి బహుమతి వచ్చింది. కొత్త జామెట్రీ బాక్సు ఇచ్చారు. బడంతా చప్పట్లు కొట్టింది.

ఇదంతా ఇక్కడ రాసి ఉందా? ఇన్ని రోజులుగా ఉందా? పాస్‌వర్డ్ సార్‌కు కూడా తెలుసు!

ఆ వరస ఒక్కటీ తీసేయాలని వెతికింది. అలాంటి బటన్ లేదు. "అన్నీ తుడిచేయి" అని ఒకే ఒక్క బటన్ ఉంది. దాని మీదికి బాణం గుర్తు పోయింది. అంతలో వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏమి చూస్తాండావు జ్యోతీ?"

జ్యోతిలక్ష్మి లేచి నిలబడింది. అబద్ధం చెబుదామనుకుంది గానీ నోటికి రాలేదు.

"సార్, ఇది మీరు చూసినారా?"

కుళ్ళాయప్ప సార్ కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "ముప్పై ఒకటా? చూసినా. పోటీ అయిపోయిన రెండు రోజులకు."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"నువ్వే వచ్చి చెప్తావేమో అనుకున్యా. నలుగురిలో నేను చెప్పింటే ఏమయ్యుండు?"

జ్యోతిలక్ష్మికి క్లాసు కళ్ళముందు కనిపించింది. వెనక బెంచీ నుంచి ఎవరో పొడుపుకథ అడుగుతారు. ఇంకెవరో "ఆగు, కంప్యూటర్లో చూసి చెప్తాది" అంటారు.

"నేను బడికి రాకుండా పోయింటి సార్" అంది.

అన్నాక తన మాట తనకే వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సార్ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మారుతి సంగతి నేనూ విన్యా. తప్పు నీదొక్కదాందే కాదు. పాస్‌వర్డ్ ఇచ్చినా గానీ, చూసింది ఏం చేసుకోవల్లో నేను చెప్పలే. ఇంత వివరం రాసిపెట్టుకునే పని మనకేముంది? వచ్చినోళ్ళకు 'మేము చూస్తాండాం' అని ఒక్క ముక్కన్నా చెప్పలే మనం."

"పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కూడా ఇట్లనే చేస్తాయా సార్?"

"చానా చేస్తాయి. మనకు ఏమి నచ్చుతాదో కనుక్కుంటే ఏదో ఒకటి అమ్మొచ్చు గదా. పేరు అడగరు. ఏం చూసినావు, ఎంతసేపు చూసినావు అని ఒకటికొకటి కలుపుకుంటూ పోతారు. నువ్వు రిజిస్టరూ కౌంటరూ కలిపినట్లే."

జ్యోతిలక్ష్మి తెర వైపు చూసింది. "దీన్ని తుడిచేద్దాం సార్. అంకె ఒక్కటి చూపించేది పెట్టుకుందాం."

"పెట్టొచ్చు. మల్ల నీ కువైట్ మనిషి ఎవరో ఎప్పటికీ తెలీదు. సరేనా?"

ఆమె కాసేపు ఆలోచించింది. తెలుసుకోవాలని ఎంతో ఉంది. అయినా తల ఊపింది. మౌస్ మీద చెయ్యి వేసింది. వేసి, ఆగింది.

"సార్, అన్నీ తుడిచేస్తే నాది కూడా పోతాది గదా. ఇంక ఎవరికీ తెలీదు."

"తెలీదు" అన్నారు సార్.

జ్యోతిలక్ష్మి లేచి తన సంచి తెచ్చుకుంది. జామెట్రీ బాక్సు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది పద్మప్రియది సార్. దానికే గదా రెండో బహుమతి వచ్చింది. ఎందుకు ఇస్తాండానో దానికి నేనే చెప్తా."

ఆ తర్వాతే బటన్ నొక్కింది. తెర మీద వరసలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఇద్దరూ కలిసి కొత్త కౌంటర్ పెట్టారు. వెబ్‌సైట్ పైభాగంలో జ్యోతిలక్ష్మి ఇలా రాసింది: "ఈ పేజీ ఎన్నిసార్లు తెరిచారో మాత్రమే లెక్క పెడతాం. ఎవరు తెరిచారో రాసుకోము."

సాయంత్రం ఆమె మారుతి వాళ్ళ వీధికి వెళ్ళింది. గుమ్మంలో వాళ్ళమ్మ పట్టునూలు చుడుతోంది. మారుతి బయట బండ మీద కూర్చుని రాళ్ళు విసురుతున్నాడు.

"ఏమి, లెక్క పెట్టేకి వచ్చినావా? ఈడ ఎంతసేపు కూర్చున్యానో రాసుకో" అన్నాడు.

"తప్పయింది మారుతీ. నేను చూడకుండా ఉండాల్సింది. చూసినా చెప్పకుండా ఉండాల్సింది."

మారుతి ఇంకో రాయి విసిరాడు. జ్యోతిలక్ష్మి అన్నీ తుడిచేసిన సంగతి చెప్పింది. జవాబుల పేజీ సంగతీ చెప్పింది. అది వినగానే వాడు తల తిప్పాడు.

"పదకొండు సార్లు చూసినావా?"

"ఊఁ."

"పదకొండు సార్లు చూసి గూడా పోటీలో ఒకటి తప్పు చెప్పినావు గదమ్మే!"

వాడికి నవ్వు ఆగలేదు. జ్యోతిలక్ష్మికి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. నవ్వయ్యాక మారుతి చేతులు దులుపుకున్నాడు.

"మా ఊర్లో కన్నడ బడి. ఆరో క్లాసు దాకా ఆడనే చదివినా. కన్నడం అయితే పేపర్ గూడా గడగడా చదువుతా. నీకొస్తాదా?"

"ఒక్క అక్షరం రాదు."

"మల్ల నేను నవ్వినానా?" అన్నాడు వాడు. బండ దిగి, "నన్నడిగింటే నేనే చెప్పింటి. నాకు చెప్పబుద్ధి అయిన రోజు చెప్పింటి" అన్నాడు.

జ్యోతిలక్ష్మి తల వంచుకుని, "టీసీ తీసుకుంటాండావా?" అని అడిగింది.

"అమ్మ వద్దంటాది. నాకు గూడా సోమవారం కబడ్డీ ఉండాది." ఒక నిమిషం ఆలోచించి, కాస్త కోపంగా అన్నాడు. "అయినా ఏం పేజీ చేసినారు మీరు? గుణింతాల కాడికి ఆపేసినారు. ఒత్తులు యాడ? 'అమ్మ' అని చదవల్లంటే నేను ఎవరినడగల్ల?"

సోమవారం మారుతి బడికి వచ్చాడు. తెలుగు క్లాసులో వాడి వంతు వచ్చింది. దగ్గలేదు. "నాకు నిదానంగా వస్తాది మేడమ్" అని చెప్పి లేచి నిలబడ్డాడు. మూడు వాక్యాలు చదవడానికి చాలాసేపు పట్టింది. మేడమ్ వాడి పక్కనే నిలబడి ఆఖరి మాట దాకా విన్నారు.

ఆ వారమే జ్యోతిలక్ష్మి, పద్మప్రియ కలిసి ఒత్తుల పేజీ మొదలుపెట్టారు. 'క్క'కు అక్క, 'ప్ప'కు అప్ప, 'మ్మ'కు అమ్మ పెట్టారు. రోజుకు మూడు నాలుగు చొప్పున గీసి చేరుస్తూ పోయారు.

మరో వారానికి పద్మప్రియ కొత్త కౌంటర్ చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"మే! ఒత్తుల పేజీకి ఒక్క రోజులో పంతొమ్మిది! మారుతి ఒక్కడే అన్నిసార్లు తెరవడు. ఇంగా ఎవరో ఉండారు." ఆమె గుమ్మం పక్క బల్ల వైపు చూసింది. "రిజిస్టరు చూస్తే తెలిసిపోతాది గదా?"

రిజిస్టరు తెరిచే ఉంది. గాలికి కాగితాలు రెపరెపలాడుతున్నాయి. జ్యోతిలక్ష్మి లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. పేర్ల మీద చూపు పడకుండా రిజిస్టరు మూసి, పైన డస్టర్ పెట్టి వచ్చి కూర్చుంది.

"ఎవరో చదువుకుంటాండారు లేమ్మే. వాళ్ళకు 'ళ్ళ' కావల్ల. మనమింగా పెట్టనేలే. ఏం మాట పెడదాం?"

"పెళ్ళి!"

"వద్దు, ఇంకోటి చెప్పు."

"కుళ్ళాయి" అంది పద్మప్రియ గుసగుసగా. ఇద్దరూ సార్ వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. లెక్కల పుస్తకాలు దిద్దుతున్న సార్ తల ఎత్తకుండానే, "నా పేరు పెడితే ఊరుకుండను" అన్నారు.

చివరికి జ్యోతిలక్ష్మికి ఒక మాట తోచింది. మౌస్ గట్టిగా పట్టుకుంది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, తెర మీద మెల్లగా గీసింది.

'మళ్ళీ.'